మెదడు పరిశోధనలో డేటా లెక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పుకుంటున్న నేను ఈ మెదడు గొడవలోకి రావడానికి మా అక్క కొడుకు కారణం. ఆరేళ్ల వయసులో వాడికి ఫిట్స్ వచ్చాయి. కొత్తపేటలో ఈఈజీ, అంటే మెదడు విద్యుత్ అలలను గీతలుగా చూపే పరీక్ష, తీయిస్తుంటే అక్కకు తోడుగా వెళ్లాను. తెర మీద పాకుతున్న గీతలు చూస్తూ, ఇవన్నీ అంకెలే కదా అనుకున్నాను. అక్కడ మొదలైంది. ఇప్పుడు బ్రాడీపేటలో మా మేడ మీదికి ఆదివారం పొద్దున ఇంజనీరింగ్ పిల్లలు, ఒకరిద్దరు హౌస్ సర్జన్లు, అప్పుడప్పుడు విజయవాడ నుంచి రైల్లో వచ్చే తల్లిదండ్రులు చేరుతుంటారు. అందరూ తిప్పి తిప్పి అడిగేవి ఇవే కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. నేను డాక్టరును కాను. మందుల సంగతి ఇందులో వెతకొద్దు.

డాక్టర్లు ఉండగా మెదడు విషయంలో ఈ కంప్యూటర్ లెక్కలు ఎందుకు?

డాక్టరు కన్ను గొప్పదే. అనుభవమున్న న్యూరాలజిస్టు ఈఈజీ పేజీలు చకచకా తిప్పుతూ ఒకచోట ఆగి, "ఇదిగో, ఇక్కడ" అని వేలు పెడతారు. ఆ పని ఇప్పటికీ ఏ ప్రోగ్రామూ అంత నమ్మకంగా చేయదు. ఇబ్బందల్లా పరిమాణంతోనే. నెత్తి మీద 19 చోట్ల ఎలక్ట్రోడ్లు పెట్టి, సెకనుకు 256 సార్లు కొలిస్తే, అరగంటకు వచ్చే అంకెలు 87 లక్షల 55 వేలు దాటతాయి. రాత్రి ఎనిమిది గంటల నిద్ర రికార్డు చేస్తే 14 కోట్లు. ఇది పుర్రె పైనుంచి విన్నది మాత్రమే. లోపల ఉన్న నాడీకణాలు సుమారు 8,600 కోట్లు. ఒక్కో కణాన్ని విడిగా చూస్తే తెలిసేది కొంత. వేల కణాలు కలిసి ఏ లయలో పనిచేస్తున్నాయో తెలియాలంటే లెక్క కట్టక తప్పదు.

కంప్యూటర్లు వచ్చాకే ఈ లెక్కలు వచ్చాయనుకోవడం కూడా పొరపాటు. నాడి వెంట విద్యుత్ సంకేతం ఎలా పరుగెడుతుందో సమీకరణాల్లో చెప్పిన హాడ్జ్‌కిన్, హక్స్‌లీల పరిశోధన 1952లో అచ్చయింది. వాళ్లు కొలతలు తీసుకున్నది స్క్విడ్ అనే సముద్రజీవి నాడి మీద. సమీకరణాలు సిద్ధమయ్యే వేళకు కేంబ్రిడ్జిలోని కంప్యూటరు అందుబాటులో లేకపోతే, హక్స్‌లీ చేత్తో తిప్పే లెక్కల యంత్రంతోనే ఆ సంకేతం ఆకారాన్ని గీశారు. 1963లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఈఈజీ గీతల్లో అసలు ఏముంటుంది?

మా వాడి పరీక్ష సంగతే చెబుతాను. ముందురోజే, "నూనె పెట్టకుండా తలంటి తీసుకురండి" అన్నారు. మా అక్క అలవాటు కొద్దీ కాస్త కొబ్బరినూనె రాసింది. టెక్నీషియన్ ఒక చూపు చూసి, మళ్లీ కడిగించుకు రమ్మన్నాడు. నూనె ఉంటే ఎలక్ట్రోడ్ సరిగ్గా అంటదు, గీత వణుకుతుంది. తర్వాత టేపు తీసుకుని ముక్కు మొదలు నుంచి తల వెనక బుడిపె దాకా కొలిచి, ఆ దూరంలో పదో వంతు, ఐదో వంతు చొప్పున పెన్సిలుతో గుర్తులు పెట్టాడు. ప్రపంచంలో ఎక్కడ తీసినా ఇదే కొలత. అందుకే గుంటూరులో తీసిన ఈఈజీని టోక్యోలో చదవగలుగుతున్నారు.

వాడు కళ్లు తెరిచి చూస్తున్నంతసేపూ గీతలు చిన్నచిన్నగా, గజిబిజిగా ఉన్నాయి. "కళ్లు మూసుకో నాన్నా" అనగానే రెండు సెకన్లలో తల వెనక భాగపు గీతల్లో ఒక తీరైన అల లేచింది. దాన్ని ఆల్ఫా లయ అంటారు. పెద్దవాళ్లలో సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగుతుంది. మనిషి ఈఈజీని 1924లో మొదట రికార్డు చేసి, 1929లో ప్రచురించిన జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ గుర్తించిన లయ ఇదే.

ఆ అల ఎత్తు వోల్టులో లక్షల వంతుల్లో ఉంటుంది. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్ 1.5 వోల్టులు. అందులో 30 వేలో వంతు అనుకోండి, అటూ ఇటూగా మెదడు పైకి వినిపించే గొంతు అంత.

ఈ గీతలో ఏ వేగపు అల ఎంత ఉందో విడదీసే లెక్క పేరు ఫూరియర్ రూపాంతరం. కచేరీలో వయొలిన్, మృదంగం, ఘటం కలిసి మోగుతుంటే చెవి దేనికది వేరుచేసి వింటుంది చూడండి, అలాంటి పని. 1965లో కూలీ, ట్యూకీ దాన్ని కంప్యూటరు మీద చిటికెలో చేసే పద్ధతిని ప్రచురించారు. నిద్ర దశల లెక్కలు, మత్తుమందు ఎంత లోతుగా ఉందో అంచనా వేసే యంత్రాలు, ఫిట్స్ పట్టే ప్రోగ్రాములు, చాలావాటి అడుగున ఉన్నది ఇదే.

డేటా శుభ్రం చేయడమంటే ఏమిటి? దానికే నెల పట్టిందంటే నమ్మమంటారా?

నమ్మండి. మన మిర్చి యార్డు చూసినవాళ్లకు తొందరగా అర్థమవుతుంది. కల్లంలో ఆరిన కాయ నేరుగా టిక్కీలోకి, అంటే మిర్చి బస్తాలోకి పోదు. ముందు తాలు ఏరాలి, తొడిమ విరిగినవి, మచ్చపడినవి వేరుచేయాలి. ఏరకుండా యార్డుకు తెస్తే కొనేవాడు టిక్కీలో చెయ్యి పెట్టిన మరుక్షణం ధర పడిపోతుంది. ఈఈజీలో తాలు చాలా రకాలు. రెప్ప కొడితే నుదుటి దగ్గరి గీత కొండలా లేస్తుంది. దవడ బిగిస్తే ముళ్లకంపలా కనిపిస్తుంది. మెదడు అలల కన్నా ఇవే ఎన్నోరెట్లు పెద్దవి. రెప్పపాటును విడదీసేందుకు స్వతంత్ర అంశాల విశ్లేషణ అనే పద్ధతి వాడతారు. ఒకే గదిలో పదిమంది మాట్లాడుతుంటే పది మైకుల రికార్డుల నుంచి ఒక్కొక్కరి గొంతును వేరుచేయడం లాంటిది.

అన్నిటికన్నా మొండిది కరెంటు. మన దేశంలో సరఫరా సెకనుకు 50 సార్లు ఊగుతుంది. గదిలో సీలింగ్ ఫ్యాను, ట్యూబులైటు, మూల ఉన్న ఇన్వర్టరు అన్నీ కలిసి ఆ 50 హెర్ట్జ్ హోరును గీతలోకి ఎక్కిస్తాయి. ఆ ఒక్క వేగాన్ని కత్తిరించేది నాచ్ ఫిల్టర్.

ఇక్కడ మా తరగతిలో జరిగిన సంగతి ఒకటి. పిల్లలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే బోస్టన్ పిల్లల ఆసుపత్రి ఈఈజీలు దింపుకున్నారు. ఫిట్స్ మీద ప్రాజెక్టు చేసే ప్రతివాళ్లూ దింపుకునేవి అవే. నేను నేర్పిన పాఠం ప్రకారం బుద్ధిగా 50 దగ్గర ఫిల్టర్ వేశారు. రెండు వారాలు ఏదీ కుదరలేదు. చివరికి ఒకమ్మాయి ఏ వేగపు అల ఎంత ఉందో చూపే స్పెక్ట్రమ్ గీసి తెచ్చి చూపించింది: 50 దగ్గర గుంట, 60 దగ్గర గుడిగోపురమంత శిఖరం. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్! ఆ డేటా ఏ గోడకున్న ప్లగ్గు పక్కన పుట్టిందో మేం ఆలోచించనే లేదు. తప్పు పిల్లలది కాదు, నాది. అప్పటినుంచి మా మేడ మీద ఒక కొత్త ఫైలు తెరిస్తే మొదటి ప్రశ్న, "ఇది ఏ ఊరిది?"

మా ప్రాజెక్టులో 99 శాతం ఆక్యురసీ వచ్చింది. పేపరు వేయొచ్చా మేడం?

ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ ప్రశ్న జడివానలా వస్తుంది. మా చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలున్న వడ్డేశ్వరం నుంచి, వడ్లమూడి నుంచి, నీరుకొండ నుంచి, నంబూరు నుంచి. నా జవాబు మారదు: 99 చూస్తే నాకు భయం.

మొదటి భయం. గంట రికార్డింగులో ఫిట్స్ ఉన్నది 40 సెకన్లు అనుకోండి. మిగతా 3,560 సెకన్లు మామూలువే. ఏమీ చూడకుండా, కళ్లకు గంతలు కట్టుకుని, ప్రతి సెకనుకూ "ఫిట్స్ లేదు" అని చెప్పే ప్రోగ్రాము రాయండి. ఒక్క లైను చాలు. దాని ఆక్యురసీ 98.9 శాతం! ఒక్క ఫిట్‌నూ పట్టలేదు, అయినా డిస్టింక్షన్‌లో పాసైంది. కాబట్టి ఆక్యురసీ కాదు, మూడు అంకెలు చెప్పండి: ఉన్న ఫిట్స్‌లో ఎన్నింటిని పట్టింది, ఎంత ఆలస్యంగా పట్టింది, రోజుకు ఎన్నిసార్లు లేనిది ఉన్నట్టు అరిచింది. మూడోది పిల్లలు ఎప్పుడూ మరిచిపోతారు. రాత్రికి ఐదుసార్లు దొంగ అలారం మోగితే ఏ తల్లి అయినా మూడో రోజు ఆ యంత్రాన్ని బీరువా మీద పడేస్తుంది.

రెండో భయం ఇంకా పెద్దది, ఎందుకంటే కంటికి కనబడదు. ఒక్కో పిల్లవాడి రికార్డింగును రెండేసి సెకన్ల ముక్కలు చేస్తారు. అన్నీ ఒక కుప్ప పోసి కలిపి, 80 శాతం ప్రోగ్రాముకు నేర్పడానికి, 20 శాతం దాన్ని పరీక్షించడానికి అని పంచుతారు. ఇంకేముంది, ఒకే పిల్లవాడి పక్కపక్క ముక్కలు అటూ ఇటూ పడ్డాయి. మెషిన్ నేర్చుకున్నది ఫిట్స్ లక్షణాన్ని కాదు, ఆ పిల్లవాడి తలను, ఆరోజు వాడి జుట్టు మీద ఎలక్ట్రోడ్ ఎలా అంటిందన్నదాన్ని. ఒక టిక్కీ పైభాగం చూసి బేరమాడి, అదే టిక్కీ అడుగు చూసి "ఆహా, నా అంచనా నిజమైంది" అని మురిసిపోవడం ఇది. పక్క లారీలో, వేరే రైతు పంటలో చెయ్యి పెడితే కదా తెలిసేది.

విడగొట్టాల్సింది ముక్కలను కాదు, మనుషులను. ఫలానా పదిమంది పిల్లలను అసలు చూపించకుండా పక్కన పెట్టి, చివర్లో వాళ్ల మీద మాత్రమే పరీక్షించాలి. నేనూ ఈ గోతిలో పడి లేచినదాన్నే. మొదట్లో తొంభై దాటిన అంకె చూసి మా అక్కకు ఫోన్ చేసి మరీ చెప్పాను. మనుషుల వారీగా విడగొట్టి మళ్లీ నడిపితే అరవైల్లోకి దిగింది. ఆ అరవైయే నిజం. దాని మీద పనిచేస్తే డెబ్బై అవుతుంది, 99 మీద చేయడానికి పనేముంది?

ఇది మా ఊరి పిల్లల జబ్బు మాత్రమే కాదు. అచ్చయిన పరిశోధనల్లో కూడా ఈ కారుడు ఉంది. దీనికి డేటా లీకేజీ అని పేరు కూడా ఉంది.

స్కాన్ బొమ్మల్లో మెదడు ఎర్రగా, పసుపుగా వెలుగుతుంది కదా. అక్కడ ఆలోచన జరుగుతున్నట్టేనా?

వెలగదు. ఆ రంగు మనం వేసింది. 1990లో సెయిజి ఒగావా బృందం చూపించినదేమంటే, రక్తంలో ఆక్సిజన్ ఎక్కువ తక్కువలను బట్టి ఎంఆర్‌ఐ సంకేతం మారుతుందని. పనిచేస్తున్న చోటికి రక్తం ఎక్కువగా వెళుతుంది, అది కూడా నాలుగైదు సెకన్లు ఆలస్యంగా. అంటే మనం చూసేది ఆలోచనను కాదు, ఆలోచన కోసం వచ్చిన సరఫరాను. బెజవాడ బీసెంట్ రోడ్డులో ఎవరేం కొన్నారో చూడకుండా, ఏ సందులోకి ఎన్ని సరుకు ఆటోలు వెళ్లాయో లెక్కపెట్టి వ్యాపారాన్ని ఊహించినట్టు. ఊహ తప్పని కాదు, ఊహ అని గుర్తుండాలి.

ఇక లెక్క దగ్గరికి. మెదడును ఇంచుమించు లక్ష చిన్న ఘనాలుగా కోసి, ఒక్కోదాని మీద ఒక్కో పరీక్ష చేస్తారు. నూటికి ఐదు పొరపాట్లు ఒప్పుకునే మామూలు పరీక్ష పెడితే, ఏమీ జరగని మెదడులో కూడా ఐదు వేల ఘనాలు "వెలుగుతాయి". 2009లో క్రెయిగ్ బెనెట్, అతని సహచరులు దీన్ని చూపించడానికి చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పడుకోబెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించారు. ఇన్ని పరీక్షలు ఒకేసారి చేసినందుకు చేయాల్సిన సవరణ లేకుండా లెక్కిస్తే చేప మెదడులో చలనం కనబడింది! సవరణ చేస్తే మాయమైంది. 2012లో దీనికి నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ దక్కింది. మన గోదావరి పులస అయితే స్కానర్ దాకా వచ్చేది కాదు, దారిలోనే పులుసయ్యేది.

నవ్వులాటగా తీసుకోవద్దు. 2016లో ఎక్లుండ్ బృందం, అందరూ వాడే మూడు సాఫ్ట్‌వేర్లను పరీక్షిస్తే, 5 శాతం ఉండాల్సిన తప్పుడు ఫలితాలు కొన్ని సెట్టింగుల్లో 70 శాతం దాకా పోయాయి. 2020లో ఇంకో సంగతి: 108 మంది స్కాన్లను, అవే తొమ్మిది ప్రశ్నలతో 70 బృందాలకు ఇచ్చారు. ఏ రెండు బృందాలూ ఒకే దారిలో లెక్క చేయలేదు, జవాబులూ చాలాచోట్ల కలవలేదు. ఎవరూ మోసం చేయలేదు. ఎంత నునుపు చేయాలి, తల కదిలిన ఫ్రేములు ఎన్ని తీసేయాలి, గీత ఎక్కడ గీయాలి, ఇవన్నీ ఎవరికి వారు సహేతుకంగానే తేల్చుకున్నారు. అదే ఇంట్లో ఇద్దరు తోడికోడళ్లు ఒకే గోంగూరతో పచ్చడి చేస్తే రుచి ఒకటే అవుతుందా?

ఎంతమంది మీద చేస్తే నమ్మాలి?

ప్రశ్నను బట్టి. ఒకే మనిషి చెయ్యి కదిపినప్పుడు మెదడులో ఏ భాగం పనిచేస్తుందో చూడటానికి కొద్దిమంది చాలు, ఎందుకంటే ప్రభావం పెద్దది. ఈ భాగం మందంగా ఉన్నవాళ్లకు తెలివి ఎక్కువ, ఆ భాగం పలచనైతే దిగులు ఎక్కువ అనే రకం సంబంధాలకు పాతికమంది ఏ మూలకూ రారు. 2022లో మారెక్ బృందం దాదాపు 50 వేల మంది డేటాతో చూపించింది: అలాంటి సంబంధాలు చాలా బలహీనమైనవి, నికరంగా తేల్చాలంటే వేలమంది కావాలి. ఇకమీదట వాట్సాప్‌లో "ఫలానా అలవాటు ఉన్నవారి మెదడు చిన్నదవుతుంది" అని వస్తే ఎంతమందిని చూశారో ముందు వెతకండి.

విదేశీయుల మెదళ్లతో చేసిన లెక్కలు మనకు సరిపోతాయా?

చాలావరకు సరిపోతాయి, కొన్నిచోట్ల పట్టేస్తాయి. స్కాన్లను పోల్చాలంటే అన్ని మెదళ్లనూ ఒక నమూనా మెదడు ఆకారానికి సాగదీసి సర్దుతారు. ప్రపంచమంతా ఎక్కువగా వాడేది మాంట్రియల్‌లో 152 మంది స్కాన్ల సగటుతో చేసిన నమూనా. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు 2019లో వందమంది భారతీయుల స్కాన్లతో మన నమూనా ఒకటి తయారుచేశారు. సగటున మన మెదడు ఎత్తు, వెడల్పు, ఘనపరిమాణం పాశ్చాత్యుల నమూనా కన్నా కొంచెం తక్కువని అందులో తేలింది. (ఇది తెలివి గురించి కాదు. దయచేసి దీన్ని వాట్సాప్ సామగ్రి చేయకండి.) కొలబద్ద మనది కాకపోతే మామూలు మెదడు కూడా "కుంచించుకుపోయినట్టు" కనబడే ప్రమాదం ఉందనేదే అసలు విషయం. మతిమరుపు జబ్బు తొలిదశలో ఆ తేడా చిన్నది కాదు.

2024 డిసెంబరులో ఐఐటీ మద్రాసు గర్భస్థ శిశువుల మెదడు అట్లాసును "ధరణి" పేరుతో విడుదల చేసింది. 5,132 పలుచని కోతలను కణాల స్థాయిలో డిజిటల్ చేసి, త్రీడీలో కూర్చి అందరికీ తెరిచిపెట్టారు. కాలేజీ కంప్యూటరులో బ్రౌజరు తెరిచి చూడొచ్చు.

తెలుగు, ఇంగ్లీషు రెండూ వస్తే మతిమరుపు ఆలస్యంగా వస్తుందట, నిజమా?

ఈ ప్రశ్న పెద్దవాళ్లు అడుగుతారు. దాని వెనకున్న పరిశోధన మన తెలుగు నేల మీదే జరిగింది. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు విశ్లేషించి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి.

స్టాటిస్టిక్స్ టీచరుకు వెంటనే వచ్చే అనుమానం: రెండు భాషలొచ్చినవాళ్లు ఎక్కువ చదువుకున్నవాళ్లేమో, ఆ ఆలస్యం చదువు పుణ్యమేమో? ఈ పరిశోధన గొప్పతనం అక్కడే ఉంది. హైదరాబాదులో బడి మొహం చూడనివాళ్లు కూడా ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ మాట్లాడతారు. ఆ నిరక్షరాస్యులను విడిగా చూసినా తేడా కనిపించింది. వలసలతో, చదువులతో ముడిపడిన దేశాల్లో ఇలా విడదీయడం కష్టం. అయినా ఆసుపత్రికి వచ్చినవాళ్ల మీద చేసిన పరిశీలన ఇది, ప్రయోగం కాదు. కాబట్టి ఏడాదికి ఒక భాష చొప్పున నేర్చుకుంటే వృద్ధాప్యం వాయిదా పడుతుందని నేను మాత్రం అనను. మా నాన్నగారు ఇది విని డెబ్బై ఆరేళ్ల వయసులో హిందీ మొదలుపెట్టారు. నష్టమైతే ఏమీ లేదు.

సి.ఆర్.రావు గారికీ మెదడుకూ సంబంధం ఏమిటి?

నూజివీడు, నందిగామ బడుల్లో చదువుకున్న స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1945లో ప్రచురించిన ఫలితం ఒకటి క్రామర్-రావు హద్దు పేరుతో ప్రసిద్ధం. ఉన్న డేటాతో ఒక విలువను ఎంత కచ్చితంగా అంచనా వేయవచ్చో, దానికి అడుగు గీత గీస్తుంది. ఎంత తెలివైన పద్ధతి వాడినా, పక్షపాతం లేని అంచనాలో పొరపాటు అంతకన్నా తగ్గదు.

నాడీ శాస్త్రంలో దాన్ని ఇలా వాడతారు. కంటి ముందు ఒక గీత కొద్దిగా వాలింది. మెదడులోని కొన్ని కణాలు ఆ వాలును బట్టి టపటపమని ఎక్కువ తక్కువలుగా స్పందిస్తాయి. ఆ స్పందనలను మాత్రమే చూసి వాలును ఎన్ని డిగ్రీల తేడాలో చెప్పొచ్చు? రావుగారి హద్దు చెబుతుంది. మనిషి నిజంగా పసిగట్టే తేడాను దాని పక్కన పెట్టి చూస్తే, మెదడు తనకున్న సమాచారాన్ని ఎంత పొదుపుగా వాడుకుంటోందో తెలుస్తుంది. ఏఐ కోర్సుల హోర్డింగులు బెంజ్ సర్కిల్ నిండా ఉన్నాయి. పునాది వేసినవారిలో ఒకరు మన చుట్టుపక్కల బడుల్లో పలక పట్టారని ఏ హోర్డింగూ చెప్పదు.

మనసులో మాట కంప్యూటర్ చదివేస్తుందా?

మీరు భయపడే పద్ధతిలో కాదు. 2023లో స్టాన్‌ఫర్డ్ బృందం, జబ్బు వల్ల మాట పోయిన ఒకావిడ మెదడులో చిన్న ఎలక్ట్రోడ్ల గుత్తులు అమర్చి, ఆమె పలకాలని ప్రయత్నించిన మాటలను నిమిషానికి 62 చొప్పున తెర మీదికి తెచ్చింది. 50 మాటల పరిధిలో తప్పులు 9.1 శాతం, లక్షా పాతిక వేల మాటల పరిధిలో 23.8 శాతం. దానికి శస్త్రచికిత్స కావాలి, ఆమె పలకడానికి ప్రయత్నించాలి, ఆమె దగ్గరే రోజుల తరబడి డేటా తీసుకుని నేర్పాలి. ఆవిడ కోసం నేర్పింది పక్కమనిషికి పనికిరాదు.

నాకు ఆసక్తి వేరేచోట. ఈ పద్ధతి ముందు ధ్వనులను పట్టి, తర్వాత భాషా నమూనాతో మాటలు కూరుస్తుంది. ఇంగ్లీషుకు 39 ధ్వనులు, ఒక మాటల పట్టిక సరిపోయింది. తెలుగులో "చేయలేకపోయిందనుకుంటా" అనేది ఒక్క మాట. అలాంటివి పట్టికలో పెడుతూ పోతే లక్షా పాతిక వేలు ఒక్క "చేయు" కుటుంబానికే చాలవేమో. తెలుగుకు మాటల పట్టిక కాకుండా ముక్కల పట్టిక కావాలి. మెదడు శాస్త్రం ఒక్కటే నేర్చుకుంటే చాలదు, తెలుగు వ్యాకరణం కూడా పట్టాలి. భాషాశాస్త్రం చదువుతున్న పిల్లలెవరైనా ఉంటే రండి.

మొత్తం మెదడును కంప్యూటర్‌లోకి ఎక్కించేస్తారా?

302 నాడీకణాలున్న నులిపురుగు అల్లిక పటం, అంటే ఏ కణం ఏ కణంతో కలుస్తుందో చూపే పటం, 1986లో పూర్తయింది. పండు ఈగది, 1,39,255 కణాలతో, 2024లో వచ్చింది. మధ్యలో దాదాపు నలభై ఏళ్లు. అదే 2024లో హార్వర్డ్, గూగుల్ కలిసి మనిషి మెదడులో ఒక ఘన మిల్లీమీటరు, అంటే ఆవగింజ కన్నా చిన్న ముక్క, పటం గీశాయి. డేటా 1.4 పెటాబైట్లు, అంటే వెయ్యి జీబీ డిస్కులు 1,400. మనిషి మెదడులో అలాంటి ముక్కలు సుమారు 12 లక్షలు. గుణకారం మీరే చేసుకోండి.

పటం దొరికినా కథ ముగియదు. నులిపురుగు అల్లిక తెలిసి ఇన్నేళ్లయినా అది తరువాతి క్షణం ఎటు తిరుగుతుందో పూర్తిగా చెప్పలేకపోతున్నారు. రోడ్ల పటం ఉన్నంత మాత్రాన ట్రాఫిక్ తెలిసిపోదు.

ఏఐ వస్తే న్యూరాలజిస్టులు అక్కర్లేదా?

అక్కర ఉంది. ముందు వరసలో చూసి, "ఈ మూడు పేజీలు జాగ్రత్తగా చూడండి" అని చెప్పే సహాయకుడిగా ప్రోగ్రాము మంచిది. ఒకసారి తీసిన ఈఈజీ నార్మల్ వచ్చినంత మాత్రాన మూర్ఛ లేదని కాదు. ఆ సంగతి డాక్టరుకు తెలుసు, ప్రోగ్రాముకు తెలియదు.

దీనికి పెద్ద కంప్యూటర్ కావాలా? ఏం చదవాలి?

ఈఈజీకి మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఇందాక చెప్పిన 87 లక్షల అంకెలు ఒక్కోటి రెండు బైట్లు, అంటే అరగంట ఫైలు 17.5 ఎంబీ. పెళ్లి వీడియో ముక్క కన్నా చిన్నది. పైథాన్, అందులో ఎంఎన్‌ఈ అనే ఉచిత లైబ్రరీ చాలు. స్కాన్లకు కొంచెం బరువైన యంత్రం కావాలి, నైలెర్న్ అనే పైథాన్ లైబ్రరీతో మొదలుపెట్టొచ్చు. అల్లిక పటాల జోలికి ఇంట్లో వెళ్లకండి.

చదువు విషయంలో నాది ఒకటే మొండిపట్టు: డీప్ లెర్నింగ్‌కు ముందు సగటు, విస్తరణ, పరికల్పన పరీక్షలు చేత్తో చేసి ఉండాలి. పై చదువులకు హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఐఐటీ మద్రాసు, బెంగళూరులో ఐఐఎస్సీ, నిమ్‌హాన్స్, హరియాణా మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ఉన్నాయి. ఎంబీబీఎస్ వాళ్లకు ఒక మాట: మీరు కోడు రాయడం నేర్చుకోవడం, ఇంజనీరు మెదడు నేర్చుకోవడం కన్నా తేలిక. ఇంజనీర్లు ఒప్పుకోరు.

మా బాబు ఈఈజీ మీ పిల్లలకు ఇవ్వొచ్చా? ఎలా తేవాలి?

ఇచ్చేముందు ఆలోచించుకోండి. తెచ్చేట్టయితే ప్రింటు రిపోర్టు, ఫోనుతో తీసిన ఫొటో పనికిరావు. అసలు రికార్డింగు ఫైలు కావాలి. ఈఈజీ రికార్డింగులకు వాడే ఈడీఎఫ్ అనే ఫైలు రూపంలో ఇవ్వమని ల్యాబులో అడగండి. కొన్నిచోట్ల సీడీలో వేసి ఇస్తారు, కొన్నిచోట్ల "అదెందుకమ్మా" అంటారు. మళ్లీ అడగండి.

ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. మొదటి ఎనిమిది అక్షరాల తర్వాత 80 అక్షరాల జాగా ఉంటుంది. అది రోగి గుర్తింపు కోసం. చాలాసార్లు అందులో పిల్లవాడి పూర్తి పేరు, పుట్టినతేదీ ఉంటాయి. ఒకసారి ఒక ఆసుపత్రి నుంచి వచ్చిన ఫైలును మా కుర్రాడొకడు తెరవకుండానే తరగతి గ్రూపులో పెట్టేశాడు. నలభై ఫోన్లలోకి ఒక పాప పేరు, ఆ పాపకు ఫిట్స్ అన్న సంగతి కలిసి వెళ్లాయి. ఆ పాప వాళ్ల అమ్మకు నేనే ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది. ఆవిడ కేకలేయలేదు. "రేపు పెళ్లప్పుడు ఎవరైనా తీస్తారేమోనండీ" అంది, అంతే.

అప్పటినుంచి ఫైలు ఇంటర్నెట్ లేని పాత ల్యాప్‌టాప్‌లోనే తెరుస్తున్నాం. ఆ 80 అక్షరాలను, వాటి తర్వాత ఉండే ఇంకో 80ని చెరిపి, ఒక నంబరు ఇచ్చి, పేరుకూ నంబరుకూ జత చూపే కాగితం మీ చేతికే ఇచ్చేస్తాం. నా దగ్గర నకలు ఉండదు. కాగితం పోగొట్టుకుంటే మీ బాబు ఫైలు ఏదో నాక్కూడా తెలియదు, జాగ్రత్తగా పెట్టుకోండి. ఆదివారం తొమ్మిదిన్నరకు రండి. పదికి కరెంటు పోతుంటుంది.